రెండు ప్రాసెసర్లు, ఒక కొనుగోలు: సామర్థ్యం, విలువల తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

ఏ వస్తువునైనా కొనదలచినవాడు తనకు తాను రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. ఇది ఎంత పని చేయగలదు? ఆ పనికి నేను చెల్లించే ధర తగినదేనా? మొదటిది సామర్థ్యాన్ని గురించిన ప్రశ్న. రెండవది విలువను గురించిన ప్రశ్న. ఈ రెండూ ఒకటే అని భ్రమించుట వల్ల కలిగే నష్టం కొంచెమైనది కాదు. ముఖ్యంగా కార్వేటినగరం వంటి చిన్న ఊళ్ళలోని విద్యాసంస్థలు పెద్ద కంప్యూటరును కొనే అవకాశం పదేళ్ళకొకసారి వచ్చుటే కష్టం. ఆ ఒక్క అవకాశంలో జరిగిన ఎంపిక మంచిదైనా చెడ్డదైనా, దాని ఫలాన్ని ఐదారు తరగతుల విద్యార్థులు వరుసగా అనుభవిస్తారు. కనుక సర్వర్లలోను, వర్క్‌స్టేషన్లలోను వాడే రెండు ప్రసిద్ధ ప్రాసెసర్లను ఉదాహరణగా తీసుకొని, వాటిని తూచే పద్ధతిని విద్యార్థి మిత్రులకు, కమిటీ పెద్దలకు వివరించుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

తెలుగునాట ఒకప్పుడు ఇట్టి ప్రశ్నకు తావే లేకుండెను. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును వెలువరించినది. అది ఒక్కసారికి 12 బిట్ల సంఖ్యను గ్రహించగల యంత్రం. ఆ పిమ్మట 1970వ దశకంలో 16 బిట్ల టీడీసీ-316 వచ్చినది. విదేశీ మారకం కొరతగా ఉన్న ఆ దినాలలో పరిశోధనా సంస్థలకు దొరికినదే భాగ్యంగా ఉండేది. నేడు పరిస్థితి తలక్రిందులైనది. సర్వరు ప్రాసెసర్లలో ఇంటెల్, ఏఎండీ అనే రెండు అమెరికా సంస్థలు ఎదురెదురుగా నిలిచి ఉన్నవి. రెండింటికీ హైదరాబాదులో రూపకల్పన కేంద్రాలు కలవు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన రాజా కోడూరి ఈ రెండు సంస్థలలోను గ్రాఫిక్స్ విభాగాలకు నాయకత్వం వహించినారు. దొరకకపోవుట నాటి కష్టమైతే, దొరికేవానిలో ఏది మేలో తెలియకపోవుట నేటి కష్టం.

పరిశీలనకు తీసుకొన్న జత

2019వ సంవత్సరంలో రెండు సంస్థలూ తమ తమ ఉత్తమ ప్రాసెసర్లను విడుదల చేసినవి. ఏప్రిల్ మాసంలో ఇంటెల్ వారి జియాన్ ప్లాటినం 8280 వచ్చినది. ఆగస్టులో ఏఎండీ వారి ఎపిక్ 7742 వచ్చినది. వీటికన్న కొత్తవి తరువాత అనేకం వచ్చినవి. అయినను ఈ జతనే ఎన్నుకొనుటకు కారణాలు కలవు. రెండూ ఒకే ఏటివి. రెండింటితోను ప్రపంచ ప్రసిద్ధమైన మహాకంప్యూటర్లు నిర్మితమై, వాటి ఫలితాలు వెల్లడియైనవి. పెద్ద సంస్థలు వాడి విడిచిన సర్వర్లలో ఈ తరం ప్రాసెసర్లు తక్కువ ధరకు లభిస్తున్నవి కూడా. వీటి ముఖ్య లక్షణాలు ఇవి:

కోర్లు: ఎపిక్ 64; జియాన్ 28.
ఆధార వేగం: ఎపిక్ 2.25 గిగాహెర్ట్జ్; జియాన్ 2.7 గిగాహెర్ట్జ్.
గరిష్ఠ వేగం: ఎపిక్ 3.4 గిగాహెర్ట్జ్, జియాన్ 4.0 గిగాహెర్ట్జ్.
మూడవ అంచె కాష్ మెమరీ: ఎపిక్ 256 మెగాబైట్లు; జియాన్ 38.5 మెగాబైట్లు.
మెమరీ మార్గాలు: ఎపిక్ 8, జియాన్ 6.
విద్యుత్తు పరిమితి: ఎపిక్ 225 వాట్లు, జియాన్ 205 వాట్లు.
విడుదలనాటి ప్రకటిత ధర: ఎపిక్ 6,950 డాలర్లు, జియాన్ 10,009 డాలర్లు.

కోర్ అనగా ప్రాసెసరులో స్వతంత్రంగా లెక్క చేయగల ఒక్కొక్క భాగం. ఈ పట్టికను చూడగానే ఎవరైనా ఎపిక్‌దే విజయమని తీర్పు చెప్పుదురు. కోర్లు రెట్టింపునకు మించి ఉన్నవి. ధర మూడవ వంతు దాకా తక్కువ. కాని తీర్పుకు ముందు విచారణ అవసరం.

చౌకకు కారణం

ఎక్కువ కోర్లు గలది తక్కువ ధరకు ఎట్లు వచ్చినది? దీనికి మన ప్రాంతపు నేతపనిలోనే ఉపమానం దొరుకుతుంది. ఒక చీర నడుమ తప్పు పడినచో ఆ చీర యావత్తూ రెండవ రకం క్రిందికి పోవును. అదే నూలుతో తువ్వాళ్ళు నేసినచో తప్పు పడిన ఒక్క తువ్వాలే పోవును. తక్కినవి నిక్షేపంగా నిలుచును. సిలికాన్ పలకపై ప్రాసెసర్లను ముద్రించుటలోను ఇదే న్యాయం. జియాన్ 8280 ఒకే పెద్ద సిలికాన్ ముక్క. ముక్క పెద్దదైనకొలది దానిలో దోషం పడే అవకాశం పెరుగును. ఎపిక్ 7742లో ఒక్కొక్కదానికి 8 కోర్లు గల 8 చిన్న ముక్కలు, వాటిని బయటి మెమరీతో కలిపే ఒక మధ్య ముక్క ఉన్నవి. లెక్కలు చేసే చిన్న ముక్కలు 7 నానోమీటర్ల నూతన పద్ధతిలోను, మధ్య ముక్క పాత 14 నానోమీటర్ల పద్ధతిలోను తయారైనవి. జియాన్ అంతయు 14 నానోమీటర్ల పద్ధతిదే. ఎపిక్ ధర తగ్గుటకు ఈ ముక్కల పద్ధతి ఒక ముఖ్యకారణం.

అయితే ముక్కలుగా చేయుటలో ఒక లోపమూ కలదు. ఎపిక్‌లో 256 మెగాబైట్ల కాష్ ఉన్నదని పట్టిక చెప్పుచున్నది. వాస్తవానికి అది 16 మెగాబైట్ల చొప్పున 16 భాగాలుగా విడిపోయి, ఒక్కొక్క భాగం నాలుగేసి కోర్లకు దక్కినది. జియాన్‌లోని 38.5 మెగాబైట్లను 28 కోర్లూ ఉమ్మడిగా వాడుకొనగలవు. కనుక పట్టికలోని ఒక అంకెను చూసి మరొక అంకెతో పోల్చునప్పుడు, ఆ అంకె దేనిని కొలుచుచున్నదో ముందు తెలుసుకొనవలెను.

మగ్గాలు, కండెలు

నగరి, పుత్తూరు ప్రాంతాల మరమగ్గాలను చూడని విద్యార్థి మనలో అరుదు. మగ్గాల సంఖ్యను పెంచినంత మాత్రాన గుడ్డ పెరగదు. కండెలు వేళకు అందకపోయినచో మగ్గం ఎంత వేగంగలదైనా నిలిచిపోవును. ప్రాసెసరుకు కోర్లు మగ్గాలైతే, మెమరీ నుండి వచ్చే అంకెలు కండెలు.

ఎపిక్‌కు 8 మెమరీ మార్గాలు. ఒక్కొక్కటి సెకనుకు 25.6 గిగాబైట్ల చొప్పున మొత్తం 204.8 గిగాబైట్లు అందించగలదు. జియాన్‌కు 6 మార్గాలు. మొత్తం దాదాపు 140.8 గిగాబైట్లు. మొత్తంలో ఎపిక్‌దే పైచేయి. కాని కోర్ల సంఖ్యతో భాగించి చూడుడు. ఎపిక్‌లో ఒక్కొక్క కోరుకు దక్కేది 3.2 గిగాబైట్లు, జియాన్‌లో ఒక్కొక్క కోరుకు 5 గిగాబైట్లు. మెమరీ నుండి అంకెలను ఎడతెగక తెచ్చుకొనే పనులలో ఎపిక్ కోర్లన్నియు పూర్తివేగంతో నడువజాలవు. అట్టి పనులలో రెండింటి మధ్య అంతరం 64కు 28 కాదు, 204.8కు 140.8 మాత్రమే.

విభజనకు లొంగని పని

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి కలదు. ప్రతి పనిలోను పదిమందికి పంచిపెట్టగల భాగమొకటి, ఒక్కరే చేయవలసిన భాగమొకటి ఉండును. వంద మందికి వంట చేయునప్పుడు కూరగాయలు పదిమంది తరగవచ్చును గాని, అన్నం ఉడుకు సమయాన్ని పదిమంది పంచుకొనలేరు. జీన్ ఆమ్‌డాల్ అనే శాస్త్రజ్ఞుడు 1967లో చెప్పిన సూత్రానికి సారాంశం ఇదే. పనిలో విభజించరాని భాగం ఎంతో దానికి, విభజించదగిన భాగాన్ని కోర్ల సంఖ్యతో భాగించి వచ్చినదానిని కలుపవలెను. ఒకటిని ఆ మొత్తంతో భాగించినచో, ఒక్క కోరుతో పోల్చితే పని ఎన్ని రెట్లు త్వరగా ముగియునో తెలియును.

ఈ సూత్రాన్ని మన జతకు అన్వయించుదము. ఒక్కొక్క గడియార స్పందనకు రెండింటి కోర్లూ సమానమైన పని చేయుననియు, రెండూ తమ ఆధార వేగంతోనే నడుచుననియు అనుకొందము.

మొదటి పనిలో 10 శాతం విభజనకు లొంగదు. 64 కోర్లతో వేగం 8.77 రెట్లు అగును. 28 కోర్లతో 7.57 రెట్లు. కాని జియాన్ కోరు ఆధార వేగం 1.2 రెట్లు ఎక్కువ. ఆ లెక్కన దాని ఫలం 9.08. అనగా 28 కోర్లు గలది 64 కోర్లు గలదానిని స్వల్పంగా మించినది.

రెండవ పనిలో 1 శాతం మాత్రమే విభజనకు లొంగదు. 64 కోర్లతో 39.3 రెట్లు, 28 కోర్లతో, అధిక వేగాన్ని కలిపినను, 26.5 రెట్లు. ఇచ్చట ఎపిక్ దాదాపు ఒకటిన్నర రెట్లు ముందున్నది.

ప్రాసెసర్లు మారలేదు. వాటి ధరలు మారలేదు. మారినది పని ఒక్కటే. దానితో విజేత మారినది. ఈ వ్యాసంలో విద్యార్థులు మరువరాని విషయం ఏదైనా ఉన్నచో అది ఇదే.

కాగితం మీది వేగం, కార్యంలోని వేగం

గరిష్ఠ వేగాన్ని కాగితం మీద లెక్కించుట సులభం. జియాన్ కోరు తన ప్రత్యేక ఆజ్ఞలతో ఒక స్పందనకు 32 దశాంశ లెక్కలు చేయగలదు. ఎపిక్ కోరు 16 చేయగలదు. జియాన్‌కు 28ని 32తోను, 2.7తోను గుణించగా సెకనుకు సుమారు 2,419 వందకోట్ల లెక్కలు వచ్చును. ఎపిక్‌కు 64ను 16తోను, 2.25తోను గుణించగా 2,304 వందకోట్లు. కోర్లలో అంత వ్యత్యాసం ఉన్నను ఈ కొలతలో జియాన్‌దే కొంచెం పైచేయి అగుట ఆశ్చర్యకరం.

ఇది కార్యంలో ఎంతవరకు నిలిచినది? అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి ఫ్రాంటెరా మహాకంప్యూటరు జియాన్ ప్లాటినం 8280తో నిర్మితమై, 2019 జూన్ నాటి ప్రపంచ జాబితాలో ఐదవ స్థానం పొందినది. దాని కాగితపు వేగం 38.7 పెటాఫ్లాప్‌లు, లిన్‌ప్యాక్ పరీక్షలో సాధించినది 23.5. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఎపిక్ 7742తో హాక్ అనే మహాకంప్యూటరు నిర్మితమైనది. దాని కాగితపు వేగం 25.2 పెటాఫ్లాప్‌లు, పరీక్షలో సాధించినది 19.3. అనగా మొదటిది నూటికి 61 పాళ్ళు, రెండవది నూటికి 77 పాళ్ళు మాట నిలుపుకొన్నవి. జియాన్ తన ప్రత్యేక ఆజ్ఞలను ఎడతెరపి లేకుండా నడుపునప్పుడు, వేడిమిని అదుపులో ఉంచుకొనుటకై గడియార వేగాన్ని తగ్గించుకొనవలసి వచ్చును, 2.7 అనే అంకె అప్పుడు నిలువదు. రెండు యంత్రాల నిర్మాణంలో ఇతర భేదాలు కూడా ఉన్నందున ఈ అంతరమంతయు ప్రాసెసరుదే అనుట న్యాయం కాదు. కాని కాగితం మీది వేగాన్ని చూసి ధర నిర్ణయించరాదనుటకు ఈ నిదర్శనం చాలును.

మన దేశంలోను ఎపిక్ 7742 తన పాత్ర నిర్వహించినది. పుణెలోని సీడాక్ సంస్థ నెలకొల్పిన పరమ్ సిద్ధి-ఏఐ అందుకు ఉదాహరణ. 2020 నవంబరు నాటి ప్రపంచ జాబితాలో అది 63వ స్థానాన నిలిచినది. అందులో లెక్కల భారమంతా గ్రాఫిక్స్ ప్రాసెసర్లది. వాటికి అంకెలను అందించుట ఎపిక్ వంతు. ఎపిక్‌కు బయటి పరికరాలతో కలిపే మార్గాలు 128 ఉండగా, జియాన్ 8280కు 48 మాత్రమే ఉన్నవి. ఎపిక్ మార్గం ఒక్కొక్కటి రెండు రెట్లు వేగవంతమైనది కూడా. గ్రాఫిక్స్ కార్డులు అనేకం అమర్చదలచినవారు ఈ లక్షణాన్ని గమనింపవలెను.

ధర అనే చంచల పదార్థం

10,009 డాలర్లు అనే ధర ఎంతకాలం నిలిచినది? ఎపిక్ వచ్చిన ఆరు మాసాలకే, 2020 ఫిబ్రవరిలో, ఇంటెల్ సంస్థ జియాన్ గోల్డ్ 6258ఆర్ అనే ప్రాసెసరును విడుదల చేసినది. అవే 28 కోర్లు; అవే 2.7, 4.0 గిగాహెర్ట్జ్ వేగాలు, అదే కాష్, అదే 205 వాట్లు. ఒకే సర్వరులో రెండింటికి మించి అమర్చుటకు మాత్రం వీలు లేదు. ధర 3,950 డాలర్లు! ఏఎండీ వద్దను ఇట్టి తమ్ముడొకడు కలడు. ఎపిక్ 7702పీ అనేది 64 కోర్లతో, 2.0 గిగాహెర్ట్జ్ ఆధార వేగంతో, ఒంటరిగా మాత్రమే అమర్చదగినదై, 4,425 డాలర్లకు వచ్చినది. అన్నలకన్న తమ్ములే కొనుగోలుదారునకు ఆప్తులని దీనివల్ల తెలియుచున్నది.

ఈ తమ్ములనే పై రెండు పనులకు తూచి చూతము. మొదటి పనిలో వెయ్యి డాలర్లకు 6258ఆర్ ఇచ్చే ఫలం 2.3; 7702పీ ఇచ్చేది 1.8. రెండవ పనిలో 6258ఆర్ ఇచ్చేది 6.7, 7702పీ ఇచ్చేది 7.9. సామర్థ్యంలో వలెనే విలువలోను పనినిబట్టియే విజేత మారుచున్నది.

ప్రాసెసరు ధర కంప్యూటరు ధర కాదు. మెమరీ, బోర్డు, నిల్వ పరికరాలు, యూపీఎస్, మన చిత్తూరు సీమ వేసవికి తప్పనిసరియైన శీతలీకరణం, ఇవన్నియు కలుపవలెను. 225 వాట్ల ప్రాసెసరు ఏడాది పొడవునా పూర్తి భారంతో నడిచినచో ఒక్క దానికే 1,971 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. సాఫ్ట్‌వేరు అనుమతి రుసుము మరొక లెక్క. విండోస్ సర్వరుకు 2016 నాటి సంచిక నుండి రుసుము కోర్ల సంఖ్యనుబట్టి నిర్ణయమగుచున్నది. అట్టిచోట 64 కోర్లు వరం కాక భారం కావచ్చును. లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వాడువారికి ఈ భారం లేదు.

2024లోను ఇదే కథ పునరావృతమైనది. సెప్టెంబరులో 128 కోర్ల జియాన్ 6980పీ 17,800 డాలర్ల ధరతో వచ్చినది. అక్టోబరులో ఏఎండీ 128 కోర్ల ఎపిక్ 9755ను 12,984 డాలర్లకు ప్రకటించినది. 2025 జనవరికి జియాన్ ధర 12,460 డాలర్లకు దిగినది. ఇద్దరు వర్తకులు ఎదురెదురుగా ఉన్నచోటనే కొనువానికి మేలు కలుగునని పెద్దలు చెప్పినది ఉత్తమాట కాదు.

మనకు తగినది ఏది?

పనులను మూడు తరగతులుగా చేయవచ్చును. మొదటిది కార్యాలయ లెక్కలు, ప్రవేశాల పట్టికలు, పత్రికకు తెలుగు, ఉర్దూ అక్షరాల కూర్పు. ఉర్దూ నస్తలీఖ్ లిపి కూర్పు ఒకప్పుడు మహాకష్టంగా ఉండేది. దాదాపు 20,000 సంయుక్తాకృతులతో నూరీ నస్తలీఖ్ 1981లో రూపొందిన పిమ్మట అది కంప్యూటరుకు సాధ్యమైనది. నేడు ఆ పనికి సామాన్యమైన మేజా కంప్యూటరు చాలును. దీనికై సర్వరు ప్రాసెసరును కొనుట వృథావ్యయం.

రెండవది విద్యార్థులందరు ఏకకాలంలో వాడుకొనే ప్రయోగశాల సర్వరు. నలభైమంది నలభై వేర్వేరు చిన్న పనులు చేయుదురు. ఒకరి పనికి మరొకరి పనితో సంబంధం లేదు. ఇట్టిచోట అధిక కోర్లు గల ఎపిక్ తరహా ప్రాసెసరు మేలు.

మూడవది పరిశోధన. తిరుపతి సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉన్నది. ఆకాశాన్ని గళ్ళుగా విభజించి వాతావరణాన్ని లెక్కించే పద్ధతిని ఇట్టి రంగంలో వాడుదురు. గళ్ళను కోర్లకు పంచవచ్చును. కాని ప్రతి అడుగులోను పొరుగు గళ్ళ అంకెలను ఇచ్చిపుచ్చుకొనవలెను. ఇచ్చట కోర్ల సంఖ్యకన్న మెమరీ వేగం ప్రధానం. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలను తలచుకొన్నచో, ఈ లెక్కలు వేళకు ముగియుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కొనుటకు ముందు ఒక ప్రయోగం

తమ పని ఏ తరగతిదో తెలియుటకు విద్యార్థులే ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. కళాశాలలో ఉన్న నాలుగు కోర్ల కంప్యూటరు చాలును. అసలు పనినే తీసుకొని, ముందు ఒక్క కోరుతోను, తరువాత నాలుగు కోర్లతోను నడిపి సమయం వ్రాసుకొనవలెను. ఒక్క కోరుతో 80 నిమిషాలు, నాలుగింటితో 26 నిమిషాలు పట్టినదనుకొందము. 26ను 4తో గుణించి 80తో భాగించగా 1.3 వచ్చును. దానినుండి 1 తీసివేసి, కోర్ల సంఖ్యకు ఒకటి తక్కువైన 3తో భాగించగా 0.1 వచ్చును. అనగా ఆ పనిలో 10 శాతం విభజనకు లొంగదు. దానికి 64 కోర్లు కొనుట కన్న వేగవంతమైన కొద్ది కోర్లు కొనుటయే ఉచితం.

కమిటీ పెద్దలకు మనవి ఇది. వర్తకుడు తెచ్చిన పట్టికకు ముందు మన పనుల పట్టిక సిద్ధం కావలెను. ప్రాసెసరు ధరను కాక, ఐదేళ్ళ విద్యుత్తు, అనుమతి రుసుములతో సహా యంత్రం మొత్తం ధరను అడుగవలెను. వాడిన సర్వరును కొనునప్పుడు మరొక జాగ్రత్త అవసరం. కొన్ని తయారీదార్ల సర్వర్లలో నడిచిన ఎపిక్ ప్రాసెసరు ఆ తయారీదారు బోర్డుకే శాశ్వతంగా కట్టుబడి ఉండును. దానిని విడిగా కొని వేరొక బోర్డులో అమర్చినచో అది పనిచేయదు. ఈ సంగతిని వ్రాతపూర్వకంగా నిర్ధారించుకొనుట క్షేమం.

ఏ ప్రాసెసరు గొప్పది అనే ప్రశ్నకు సమాధానం లేదు. ఏ పనికి ఏది తగినది అనే ప్రశ్నకు సమాధానం కలదు. దానిని కూడిక, భాగహారం తెలిసిన ఏ విద్యార్థియైనను ఒక మధ్యాహ్నపు ప్రయోగంతో సాధింపవచ్చును. కొనుగోలు పత్రంపై సంతకం పడుటకు ముందు ఆ మధ్యాహ్నాన్ని విద్యార్థులకు కేటాయించినచో, సంస్థ సొమ్మూ నిలుచును, విద్యార్థులకు చదువూ అబ్బును.